వృద్ధాప్యం: వారసత్వమా, సహవాసమా?

వృద్ధాప్యం మన కథకులకు కొత్త వస్తువు కాదు. పత్రికల్లో వచ్చే కథల్ని వరసగా చదివేవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కర లేదు. ఊళ్ళో పాతబడిన ఇల్లు, అరుగుమీద తండ్రి, ఫోను మోగుతుందేమోనని చెవులొగ్గిన తల్లి, అమెరికాలో కొడుకు, పండక్కి రావడానికి తీరిక లేని కోడలు, ఆఖరి పేజీలో వృద్ధాశ్రమం గేటు. పాఠకుడు కళ్ళు తుడుచుకుంటాడు. ఆ సాయంత్రం తన తల్లికో తండ్రికో ఫోను చేస్తాడు. మర్నాటికి మరచిపోతాడు.

ఈ కథల్లోని కన్నీళ్ళు అబద్ధమని నేననను. అటువంటి తల్లిదండ్రులు ప్రతి వీధిలోనూ ఉన్నారు. కాని ఇన్ని కథలూ కలిసి అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: కొడుకు చూస్తాడా, చూడడా? అరవై దాటిన తర్వాత మనిషి బతికే పదిహేనేళ్ళ, ఇరవయ్యేళ్ళ కాలాన్ని ఈ ఒక్క ప్రశ్నకు కుదించడం వెనుక ఒక దృక్పథం ఉంది. దాన్ని పరీక్షించడం ఈ వ్యాసం మొదటి ఉద్దేశం. ఆ ప్రశ్నకు బయట ఉండిపోయిన ఒక ఇతివృత్తాన్ని రచయితల ముందు పెట్టడం రెండో ఉద్దేశం. రక్తసంబంధం లేని స్నేహితులు, ఒంట్లో ఓపిక ఉండగానే కూడబలుక్కుని, మలివయసులో ఒకచోట బతకడానికి ఏర్పాటు చేసుకోవడమే ఆ ఇతివృత్తం. జీవితంలో ఇది మొదలయింది. కథలోకి ఇంకా సరిగా రాలేదు.

తెలుగు పాఠాలు చెప్పే వృత్తి నాది కనుక వ్యాకరణంతోనే మొదలుపెడతాను. మన వృద్ధాప్య కథల్లోని వాక్యాలు తీసి చూడండి. ముసలివాళ్ళని తీసుకువెళతారు, దింపుతారు, వదిలేస్తారు, పంచుకుంటారు, ఆర్నెల్లు పెద్దవాడి దగ్గరా ఆర్నెల్లు చిన్నవాడి దగ్గరా ఉంచుతారు. క్రియలన్నీ కొడుకులవి. ముసలివాళ్ళు ఆ వాక్యాల్లో కర్తలు కారు, కర్మలు. వాళ్ళకంటూ మిగిలిన క్రియ ఒక్కటే, ఎదురుచూడటం. వాక్యంలో కర్మగా ఉన్నవాణ్ణి చూసి లోకం కూడా 'వాడి కర్మ' అని నిట్టూర్చి ఊరుకుంటుంది. కథ ఎవరి గొంతులో నడుస్తోందో చూసినా ఇదే తేలుతుంది. చాలా కథల్లో చెప్పేది కొడుకు, లేదా కొడుకు స్నేహితుడు, లేదా సెలవుల్లో వచ్చిన మనవరాలు. వృద్ధాప్యం పేరుతో మనం ఎక్కువగా చదువుతున్నది నడివయసువాళ్ళ అపరాధభావననే.

ఆ అపరాధభావనకు నీతిబోధ తోడవుతుంది. వెనకట ఉమ్మడి కుటుంబం ఉండేదనీ, పెద్దలకు గౌరవం ఉండేదనీ, చదువులూ డాలర్లూ వచ్చి అంతా పాడుచేశాయనీ ధోరణి. చరిత్రను ఇలా చెప్పడమంటే భూస్వామ్య సంబంధాలకు తెలియకుండానే హారతి పట్టడం. ఉమ్మడి కుటుంబాన్ని నిలబెట్టింది భూమి. పొలం తండ్రి పేర ఉన్నంతకాలం కొడుకు ఆ గడపలోనే ఉన్నాడు. బతుకు పొలం నుంచి జీతానికి మారాక, జీతం ఎక్కడ దొరికితే అక్కడికి వెళ్ళాడు. ఇందులో వాడి గుణదోషాల పాత్ర చాలా తక్కువ. పోనీ, ఆ పాత ఇంట్లో అత్తమామల మంచం పక్కన కూర్చుని సేవ చేసిందెవరు? కోడలు. ఆమెకు జీతం లేదు, సెలవు లేదు. ఆ ఆస్తిలో ఆమెకు మాటా లేదు. ఉమ్మడి ఆస్తిలో పుట్టింటి వాటా ఆడపిల్లకు ఇచ్చిన చట్టం ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి అమలయింది. అదీ అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకే. ఉమ్మడి కుటుంబపు స్వర్ణయుగం గురించి రాసే కథకులు ఒక్కసారి ఆ కోడలి వైపు నుంచి రాసి చూడాలి.

భూమి లేనివాళ్ళ సంగతి వేరు. పాలమూరు నుంచి పనికి వలసపోయే కుటుంబాలు ముసలివాళ్ళని ఊళ్ళో వదిలి పోతాయి. అక్కడ ఎవరూ దాన్ని ద్రోహమనరు, బతుకుదెరువంటారు. అలా మిగిలిన ఇద్దరు ముసలమ్మలు రేషను బియ్యం కలుపుకుని ఒకే పొయ్యిమీద వండుకోవడం మా వైపు ఊళ్ళలో వింతేమీ కాదు. ఒకరికి కళ్ళు కనబడతాయి, ఇంకొకరికి కాళ్ళు నడుస్తాయి. మధ్యతరగతి ఈ రోజు కొత్తగా కనిపెట్టాననుకుంటున్న దాన్ని శ్రామికజనం పేరు పెట్టకుండానే చాలాకాలంగా చేస్తున్నారు. 1970లో సిమోన్ ద బోవా వృద్ధాప్యం మీద ఒక పెద్ద గ్రంథం రాసింది. ముసలితనం ఒంటికి వచ్చే మార్పు మాత్రమే కాదనీ, ఎవరు ఎలా ముసలివాళ్ళవుతారో వర్గం నిర్ణయిస్తుందనీ ఆమె వాదించింది. మన పొయ్యి దగ్గర ఇది రోజూ రుజువవుతున్నది.

కొడుకు కథ మూసను దాటిన రచనలు మనకు లేకపోలేదు. శ్రీరమణ 'మిథునం' అటువంటిది. 2012లో తనికెళ్ళ భరణి దాన్ని సినిమాగా తీశాక కథ చదవనివాళ్ళకూ తెలిసింది. అప్పదాసు, బుచ్చిలక్ష్మి పిల్లల రాక కోసం ఏడుస్తూ కూర్చోరు. తోట పెంచుకుంటారు, వండుకుతింటారు, తగువులాడుకుంటారు. ఇక్కడ వృద్ధులు కర్తలయ్యారు. ఆ కథ సాధించిన విజయం అది, దాన్ని తక్కువ చేయడం నాకిష్టం లేదు. కాని ఆ స్వర్గానికి పునాది ఏమిటి? సొంత ఇల్లు, సొంత పెరడు, చెక్కుచెదరని దాంపత్యం. మొదటి రెండూ అందరికీ ఉండవు. మూడోది ఎవరికీ ఆఖరిదాకా ఉండదు. అప్పదాసు ముందు పోతాడు. తను లేకుండా ఆయన బతకలేడు కనుక ఆయనే ముందు పోవడం మంచిదయిందని బుచ్చిలక్ష్మి తృప్తి పడుతుంది. కథ ముగుస్తుంది.

విమర్శకుడి పని అక్కడే మొదలవుతుంది. మర్నాడు పొద్దున బుచ్చిలక్ష్మి ఎవరితో తగువులాడుతుంది? ఎవరి కోసం వండుతుంది? దంపతుల కథ ఎంత గొప్పదైనా అది ఇద్దరిలో ఒకరి ఒంటరితనంతోనే ముగియాలి. మన సమాజంలో భర్త వయసు భార్య వయసుకంటే ఎక్కువ కనుక ఆ మిగిలే మనిషి చాలాసార్లు స్త్రీయే. ఆమె మిగిలిన తర్వాతి సంవత్సరాలు మన సాహిత్యంలో దాదాపు తెల్లకాగితం.

ఆ కాగితం ఎందుకు తెల్లగా ఉందో తెలియాలంటే, కుటుంబం వెలుపల ఉన్న ఇంటిని మన సాహిత్యం ఎలా చూసిందో పరిశీలించాలి. 1909లో వచ్చిన 'కన్యాశుల్కం' రెండో కూర్పులో బుచ్చమ్మను చివరికి పూనా వితంతు శరణాలయానికి పంపిస్తారు. ఆ కాలానికి అది గొప్ప అడుగు. అయినా ఆ ఇంటిని బుచ్చమ్మ ఎంచుకోలేదు, ఆమె కోసం ఒక పెద్దమనిషి ఎంచాడు. ఆనాటి శరణాలయం నుంచి ఈనాటి వృద్ధాశ్రమం వరకూ, కుటుంబం వెలుపలి ఇల్లంటే దిక్కులేనివాళ్ళ ఇల్లనే అర్థం మన ఊహలో స్థిరపడిపోయింది. కోరి కట్టుకున్న ఇల్లనే అర్థానికి చోటు లేకుండా పోయింది.

చోటు దొరికిన సందర్భం ఒకటుంది, అది మన ఉద్యమ చరిత్రలోనే ఉంది. 1940లలో కమ్యూనిస్టు కమ్యూన్లలో వేర్వేరు కులాల స్త్రీలూ పురుషులూ ఒకే వంట తిని ఒకే కప్పుకింద బతికారు. ఆ తర్వాత ఏమయింది? 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదవండి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ జ్ఞాపకాలు చెప్పుకున్న పుస్తకమది. 1951లో పోరాటం ఆగాక, దళాల్లోనూ రహస్య స్థావరాల్లోనూ సమానంగా బతికినవాళ్ళు మళ్ళీ ఇళ్ళకు, పొయ్యిల దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది. ఆ బాధ ఆ మాటల్లో ఇంకా పచ్చిగానే ఉంది. కలిసి బతకడమనేది పోరాటకాలపు అవసరంగా మిగిలిందే తప్ప జీవితకాలపు పద్ధతిగా మారలేదు. ప్రగతిశీల సాహిత్యం ఈ వైఫల్యాన్ని తగినంతగా చర్చించలేదని నా అభిప్రాయం.

కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ 'నిర్జన వారధి' 2012లో వెలువడింది. అప్పటికి ఆమెకు తొంభై దాటాయి. భర్త విడిచి వెళ్ళాక ఆమె చదువుకుని, కాకినాడలో హాస్టలు మేట్రనుగా పనిచేసి బతికారు. కొడుకునూ కూతురునూ పోగొట్టుకున్నారు. మలివయసులో కొంతకాలం హైదరాబాదులోని చండ్ర రాజేశ్వరరావు ఫౌండేషన్ వృద్ధాశ్రమంలో ఉన్నారు. నూరేళ్ళ వయసులో 2018లో మరణించారు. ఈ జీవితాన్ని మామూలు వృద్ధాప్య కథ చేతికిస్తే కన్నీటి వరద పారించేది. ఆమె మాత్రం తన వాక్యాలన్నిటికీ తనే కర్తగా నిలబడి రాశారు. స్నేహాలూ, ఉద్యమ పరిచయాలూ రక్తసంబంధాలతో సమానమైన బరువుతో ఆ పుస్తకంలో ఉన్నాయి. కథకులు నేర్చుకోవలసింది ఈ బరువునే.

సాహిత్యమే కాదు, చట్టం కూడా స్నేహితుణ్ణి గుర్తించదు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. దాని ప్రకారం పోషించవలసినవాళ్ళు పిల్లలు. పిల్లలు లేనివారికైతే వారి ఆస్తికి వారసులయ్యే బంధువులు. చూసుకుంటారన్న షరతుమీద రాసిచ్చిన ఆస్తిని, చూడకపోతే వెనక్కి తీసుకునే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. అవసరమైన చట్టమే. కాని దాని ఊహలోని వృద్ధాప్యం పూర్తిగా వారసత్వానికి కట్టుబడి ఉంది. ఆస్తి ఎటు పోతుందో బాధ్యత అటు పోతుంది. ఇరవయ్యేళ్ళు పక్క కుర్చీలో కూర్చున్న స్నేహితుడికి ఆ చట్టంలో హక్కూ లేదు, బాధ్యతా లేదు. మన కథకులు తమకు తెలియకుండానే ఈ చట్టానికి ముందునుంచీ వ్యాఖ్యానాలు రాస్తున్నారు.

ఇక జీవితంలో మొదలయిందని పైన అన్నదేమిటో చెబుతాను. మా ఉపాధ్యాయ మిత్రులం నలుగురం ఒక కాగితం రాసుకున్నాం. నలుగురమూ 2004 సెప్టెంబరు 1 తర్వాత ఉద్యోగంలో చేరినవాళ్ళమే. పాత పింఛను పథకం మాకు వర్తించదు. జీతంలో కోసిన సొమ్ము, దానికి ప్రభుత్వం కలిపే వాటా మార్కెట్టులో పెరిగితే పెరిగినంత. ఇద్దరికి పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు. హిందీ టీచరు పెళ్ళి చేసుకోలేదు. జీవశాస్త్రం చెప్పే మిత్రుడు ఒకరోజు లండను వృద్ధ స్త్రీల ఇంటి గురించిన వార్త తెచ్చాడు. అక్కడినుంచి మాట సాగింది.

ఆ లండను ఇల్లు వివరంగా తెలుసుకోదగ్గది. యాభై దాటిన కొందరు స్త్రీలు 1998లో, ఇకముందు ఒకరికొకరు ఇరుగుపొరుగుగా బతకాలని సంకల్పించారు. స్థలం, అనుమతులు, డబ్బు సమకూరి ఉత్తర లండనులోని హై బార్నెట్‌లో వాళ్ళు కాపురం పెట్టేసరికి 2016 వచ్చింది. పద్ధెనిమిదేళ్ళు పట్టింది. మొత్తం 25 ఇళ్ళు, 26 మంది స్త్రీలు. ఎవరి ఇల్లు వారిదే, అందరికీ కలిపి ఒక గది, ఒక తోట. ఇందులో నా దృష్టిని నిలిపింది ఒక లెక్క. 25 ఇళ్ళలో 17 కొనుక్కున్నవి, 8 తక్కువ అద్దెకు ఇచ్చేవి. కొనలేని స్త్రీకి కూడా అందులో చోటుండాలని పునాదిలోనే రాసుకున్నారు. స్నేహానికి వర్గం అడ్డం వస్తుందని గ్రహించి, దానికి మాటలతో కాక ఇళ్ళ లెక్కతో జవాబు చెప్పారు.

మా కాగితంలో పదకొండు అంశాలున్నాయి. ఊరి చివర బస్సు ఆగేచోట పది గుంటల జాగా, నాలుగు వాటాలు, ఒక వంటిల్లు, ఒక పెద్ద వరండా. నెలనెలా చిట్టీ. ఒకరు పోతే వారి వాటా ఎవరికి, పిల్లలకు అమ్ముకునే హక్కుందా, ఆస్పత్రికి ఎవరు తీసుకుపోవాలి అన్నీ రాశాం. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పెళ్ళి అక్కర్లేని ఈ కాపురంలోనూ రెండు చోట్ల కలం ఆగింది. ఆ రెండు చోట్లూ విమర్శకు పనికివచ్చేవి కనుక ఇక్కడ చెబుతున్నాను.

మొదటిది తిండి. 'సౌకర్యం కోసం శాకాహారం' అని ఒక అంశం రాసుకున్నాం. లెక్కల మాస్టారు దళితుడు. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, "ఆదివారం నేను కూర ఎక్కడ వండుకోవాలి?" అని అడిగాడు. పదిహేనేళ్ళుగా స్టాఫ్‌రూములో టిఫిన్ బాక్సులు మార్చుకు తిన్న స్నేహం మాది. కాని టిఫిన్ బాక్సు వేరు, పొయ్యి వేరు. మధ్యాహ్నం అరగంట తినే తిండికి లొంగిన కులం, కలిసి వండుకునే ఇంటి గడపమీద మళ్ళీ లేచి నిలబడింది. సౌకర్యమన్నది ఎవరి సౌకర్యమో ఆ వాక్యం చెప్పలేదు. ఆ అంశం కొట్టివేశాం. కొట్టివేసిన గీత కింద అక్షరాలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి.

రెండోది పని. 'ఒక వంటమనిషిని పెట్టుకోవాలి' అన్నది తొమ్మిదో అంశం. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెనే అనుకున్నాం. ఆమెకు బడి ఇచ్చేది జీతం కూడా కాదు, దాని పేరు గౌరవ వేతనం. వయసు మా వయసే. లెక్కల మాస్టారు సంగతి చెబితే ఆమె నవ్వి, "నాకు సుత ముసల్తనం వస్తది గద సారూ. అప్పుడు నన్ను యాడ పండవెడ్తరు?" అంది. నాలుగు వాటాల ఆ ఇంటి నక్షాలో ఆమె మంచానికి జాగా లేదు. మంచాన పడినవాణ్ణి ఎత్తి పడుకోబెట్టే చేతులు, బట్టలు ఉతికే చేతులు, తెల్లవారుజామున నీళ్ళు కాచే చేతులు ఎవరివో కాగితం చెప్పలేదు. పాత ఇంట్లో అవి కోడలి చేతులు. కొత్త ఇంట్లో కూలికొచ్చిన చేతులు. స్నేహం పేరుతో మనం కోడల్ని విడుదల చేసి మరొక స్త్రీని ఆ చోట నిలబెడితే, మారింది ఇంటిపేరు మాత్రమే.

ఆ మాట విన్న తర్వాత పన్నెండో అంశంగా అయిదో వాటా గురించి చర్చ నడుస్తోంది. ఆమె డబ్బు పెట్టలేదు కనుక వాటా ఎలా అని ఒకరు, పనిని డబ్బుగా లెక్కకట్టలేమా అని మరొకరు. ఇంకా తేలలేదు. ఈ తేలకపోవడంలోనే కథ ఉంది. పెట్టుబడికీ శ్రమకూ మధ్య ఉన్న పాత తగువు, ఒకరినొకరు ప్రేమించే మనుషుల మధ్యకు, ఒక వంటింటి నక్షామీదకు వచ్చి కూర్చుంది. ఇంతకంటె గట్టి వస్తువు కథకుడికి ఎక్కడ దొరుకుతుంది?

ఇక్కడ మనవాళ్ళకు ఒక హెచ్చరిక అవసరం. ప్రగతిశీల రచయితలు కొత్త వస్తువు దొరగ్గానే దానికి ఎర్రరంగు పూసి సుఖాంతం చేయడం మనం చూసిందే. నలుగురు స్నేహితులు కలిసి ఇల్లు కట్టుకున్నారు, కులం పోయింది, వర్గం పోయింది, వరండాలో కూర్చుని టీ తాగుతున్నారు అని రాస్తే అది 'మిథునం' తోటకు మరొక వెర్షను అవుతుంది. అంతకంటే బలహీనమైనది కూడా అవుతుంది, ఎందుకంటే శ్రీరమణకు ఆ తోటలో ప్రతి పాదూ తెలుసు. అప్పదాసు తిండిని ఆయన ఎంత వివరంగా రాశాడో, మనం ఆ వంటింటి తగువును అంత వివరంగా రాయాలి. నెలకు ఎవరు ఎంత వేసుకున్నారు, మందుల ఖర్చు పెరిగినవాడి లోటు ఎవరు పూడ్చారు, మతిమరుపు వచ్చిన మిత్రుడు ఒకే మాట నలభైసార్లు అడుగుతుంటే విసుక్కున్నదెవరు, ఒకరి కొడుకు వచ్చి మా నాన్న వాటా అమ్మేస్తానంటే మిగిలినవాళ్ళు ఏం చేశారు. ఇవి చిన్న విషయాలని వదిలేస్తే వస్తువు నినాదంగా మిగిలిపోతుంది.

శిల్పం విషయంలో కూడా ఒక మాట. మన కథ ఇద్దరి మధ్య సంఘర్షణకు అలవాటు పడింది: తండ్రి-కొడుకు, అత్త-కోడలు, యజమాని-కూలి. నలుగురైదుగురు సమానులు ఒక నిర్ణయానికి రావడమనేది ఆ చట్రంలో ఇమడదు. ఎవరో ఒకరిని నాయకుణ్ణి చేసి మిగిలినవాళ్ళని నీడలుగా మార్చేస్తాం. నలుగురి గొంతులూ నాలుగుగా వినిపించే కథనం కావాలి. ఆ వాదనలో వంటామె గొంతు అయిదోదిగా వినిపించాలి, ఆమె యాసలోనే వినిపించాలి. ఆమె కోణం నుంచి మొత్తం కథ నడిపితే ఇంకా మంచిది. ఆ నలుగురు చదువుకున్నవాళ్ళు ఆమె కంటికి ఎలా కనబడుతున్నారో తెలిస్తే గాని వాళ్ళ స్నేహం విలువ మనకు తేలదు.

కొడుకుల కథలు ఇక రాయవద్దని నేను చెప్పడం లేదు. కొడుకులుంటారు, వాళ్ళ కథలూ ఉంటాయి. కాని యాభై ఏళ్ళకు దగ్గరపడిన ఒక తరం ఈ రోజు పిల్లల ఫోను కోసం చూడకుండా, పక్కనున్న స్నేహితుడితో కూర్చుని కాగితం పెన్నూ తీసుకుంటున్నది. ముసలితనాన్ని తలరాతగా కాక తాము చేయవలసిన పనిగా లెక్కిస్తున్నది. ఆ కాగితాలమీద ఏం రాస్తున్నారు, ఏది రాయలేక ఆగిపోతున్నారు, ఎవరి పేరు రాయడం మరచిపోతున్నారు అన్నది కథకుడు వెళ్ళి చూడాలి. చూసి రాసిన కథ ఏదైనా నా చేతికొస్తే, ముందుగా ఆ ఇంట్లో వంటామె మంచం ఎక్కడుందో వెతుకుతాను. మిగతా చర్చ ఆ తర్వాతే.